ఏడున్నర అడుగుల బోర్డు

శంకర్ పోయిన రోజు నేను కడపలో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఏప్రిల్ నెలాఖరు, ఆదివారం, ఫ్యాన్లు సరిగా తిరగని పెద్ద హాలు. ఎవరో వచ్చి, ఓబుళేశు సార్ ఎవరు, ఊర్నుంచి మనిషొచ్చినాడు, పిల్లోనికి బాగలేదంట అన్నారు. నా చేతిలో ఉన్న పత్రంలో ఇంకా రెండు జవాబులు మిగిలి ఉన్నాయి. అవి దిద్దాను. మార్కులు ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి కూడి, అట్ట మీద వేసి, సంతకం చేసి, అప్పుడు లేచాను. బాగలేదు అన్న మాటకు జ్వరం అని అర్థం చెప్పుకున్నాను. గేటు దగ్గర నిలబడిన మనిషి నా మొహం చూడకుండా నా చెప్పులు చూశాడు. అప్పుడు తెలిసింది. రాయచోటి దాకా జీపులో తీసుకుపోయారు. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిరిగినప్పుడల్లా ముందు సీటు కమ్మీని పట్టుకున్న నా వేళ్లు, వాటికి అంటిన ఎర్ర సిరా కనిపిస్తూ ఉన్నాయి. పదకొండేళ్ల పిల్లవాడు మా బావిలో మునిగి చనిపోయాడు. వాడి వెంట ఉన్న ఏడేళ్ల చెల్లెలు బతికింది. ఇది జరిగి పదిహేడేళ్లయింది. ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఎక్కువ మాటల్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తొమ్మిదీ నలభై. ఎర్రగుంట్లలో ఒక ఉన్నత పాఠశాల, ఆరో నంబరు గది, ఇరవై నాలుగు మంది పిల్లలు, సాంఘిక శాస్త్రం పరీక్ష. ప్రశ్నపత్రం చదువుకునే పావుగంటలో మొదటి పది నిముషాలు అయిపోయాయి. కిటికీ కమ్మీల మీద పొద్దున తుడిచిన సిమెంటు దుమ్ము అప్పుడే మళ్లీ ఒక పొర పరుచుకుంది. ఆ రోజు బతికిన నా కూతురు శివాని, విశాఖలో, అలల మీద నిలబడే బోర్డుతో పదింటికి సముద్రంలోకి దిగుతుంది. నా ఫోను ఆఫీసు గదిలో బీరువాలో, మిగతా సార్ల ఫోన్లతో పాటు, ఒక ప్లాస్టిక్ బుట్టలో ఉంది. ఎనిమిదిన్నరకు నేనే దాన్ని ఆ బుట్టలో పెట్టాను. పెట్టే ముందు ఆమెకు ఒక మాట రాసి ఉండవచ్చు. ఆరు గంటల నుంచి ఎనిమిదిన్నర దాకా నాకు సమయం ఉంది. ఆమె గొంతు మెసేజ్ వచ్చింది ఆరింటికి, బస్టాండులో టీ తాగుతుంటే. మూడుసార్లు విన్నాను. నాన్నా, ఈ పొద్దు నీ మాట కావాల నాకు. తొమ్మిదడుగుల బోర్డు ఇడిసిపెట్టి ఏడున్నరది తీసుకోమంటాండాడు భూపేష్ అన్న. నాకూ తీసుకోవాలనే ఉండాది. కానీ నువ్వు చెప్తేనే. బెండ్లు కట్టి మాకు ఈత నేర్పినోడివి, ఎప్పుడు ఇడిసిపెట్టాలో నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తాది? పదింటికి దిగుతాండా. అంతలోపల చెప్పు. సరే అంటే సరే, వద్దంటే వద్దు. వెనకాల గాలి, దూరంగా ఎవరో నవ్వడం. నేను సరే అని రాశాను, చెరిపేశాను. వద్దు అని రాశాను, చెరిపేశాను. బెండ్ల గురించి నీకొక సంగతి చెప్పాలి అని రాసి, ఆ వాక్యాన్ని చాలాసేపు చూసి, అదీ చెరిపేశాను. టీ చల్లారిపోయింది. బస్సు వచ్చింది.

అక్షరం తప్పు లేని వాక్యం అది. ఇరవై ఏడేళ్లుగా పిల్లల వాక్యాలు దిద్దే మనిషిని, నా వాక్యంలో తప్పు లేదని నాకు తెలుసు. పంపడానికి ఒక వేలు కదిపితే చాలు.

మూడో వరుసలో అమ్మాయి కంపాస్ పెట్టె తెరిచింది, మూత చప్పుడైంది, అందరూ తలలెత్తి మళ్లీ దించుకున్నారు. శివాని దగ్గర కూడా అట్లాంటి పెట్టె ఉండేది, కానీ అందులో వృత్తలేఖిని ఉండేది కాదు, రైల్వే స్టేషన్లో బరువు తూచే యంత్రం ఇచ్చే అట్టముక్కలు ఉండేవి. ఏడో తరగతిలో అనుకుంటాను, ప్రతి ఆదివారం నన్ను స్టేషనుకు తీసుకుపొమ్మనేది, రైళ్లు చూస్తానని. చూసేది రైళ్లను కాదు. యంత్రం మీద నిలబడి, రంగు దీపాలు తిరిగి ఆగి, అట్టముక్క కింద పడేదాకా ఊపిరి బిగబట్టి, తీసి అంకె చూసుకుని దాచుకునేది. ఒక పక్క జాతకం వాక్యం, ఇంకో పక్క బరువు. జాతకం వైపు తిప్పి కూడా చూసేది కాదు. అన్నం సగం తిని కంచం జరిపేది. వాళ్లమ్మ స్వర్ణలత బతిమాలి, తిట్టి, ఏడ్చి మానుకుంది. ఒకరోజు స్కూటరు మీద ఎక్కించబోతే, నేను బరువుండానా నాన్నా అని అడిగింది. లేదమ్మా, కోడిపిల్లంత కూడా లేవు అన్నాను. ఆ రోజు కూడా బరువుంటినా అంది. ఏ రోజు అని నేను అడగలేదు. స్కూటరు స్టార్ట్ చేశాను. చెప్పడానికి అదొక రోజు. అట్లాంటి రోజులు ఇంకా ఉన్నాయి, వరుసగా పెడితే ఈ పదిహేడేళ్లూ అవే అవుతాయి.

విశాఖలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం వచ్చి వెళ్లిన పిల్ల, నడుములు, మోకాళ్లు సరిచేసే పిల్ల, పోయినేడు జూలైలో ఫోన్ చేసి, నాన్నా, అలల మీద బోర్డేసుకుని నిలబడేది నేర్చుకుంటాండా అంది. ఆ వెంటనే ఆమే అంది, భయం పోవాలని కాదులే నాన్నా, నీళ్లు నన్ను మోస్తాయా లేదా చూడాలని. స్వర్ణలత ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నేను మాత్రం రాత్రిళ్లు వీడియోలు చూసి ఆ విద్య సంగతి తెలుసుకున్నాను, తెలుసుకోవడం ఒక్కటే నాకు చేతనైన పని కనుక. మొదట నేర్చుకునేవాళ్లకు పొడుగ్గా, వెడల్పుగా, పైన మెత్తటి స్పాంజి ఉన్న బోర్డు ఇస్తారు. అది మంచం లాంటిది. కాళ్లు తప్పుగా వేసినా క్షమిస్తుంది, విరిగి నురగైపోయిన అలలో కూడా ఒడ్డుదాకా మోసుకొస్తుంది. కానీ తిప్పితే తిరగదు, నిటారుగా లేచే అల మీద ముక్కు ముందుకు గుచ్చుకుంటుంది, లోపలికి పోదామంటే ప్రతి అలా దాన్ని పట్టుకుని వెనక్కి నెడుతుంది. ఒకనాటికి అది నేర్పడం మానేసి మోయడం మాత్రమే చేస్తుంది. ఆ నాడు పొట్టిది తీసుకోవాలి. ఆ నాడు ఎప్పుడనేదే తిప్పలు. తొందరపడితే పిల్ల రోజంతా పడుతూనే ఉంటుంది, ఒక్క అలా దక్కదు, మనసు విరిగి మానేస్తుంది. ఆలస్యం చేస్తే మంచానికి అలవాటు పడుతుంది. ఆమెకు నేర్పే భూపేష్ నాలుగు గుర్తులు చెప్పాడట. వెనక నుంచి ఎవరూ నెట్టకుండా, ఇంకా విరగని అలను తనకై తాను పట్టాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు లేచి నిలబడాలి. ఎడమకూ కుడికీ అనుకున్న వైపు పోగలగాలి. పెద్ద నురగ మీద పడినప్పుడు బోర్డును గాలికి వదిలేయకుండా పట్టుకోగలగాలి. నాలుగూ నాకు వస్తాయి నాన్నా అంది. పెద్దది మోస్తాది, పొట్టిది మోయదు, నన్ను నేనే మోసుకోవాల, అంతే తేడా.

మొన్న ఫోన్లో నన్ను లెక్క వేయమంది. నువ్వు సైన్సు సారువి కదా, నా బరువుకు ఎన్ని లీటర్లు కావాలో చూడు. బోర్డులకు లీటర్ల లెక్క ఉంటుంది, ఎన్ని లీటర్ల నీటిని పక్కకు తోస్తుందో అంత మోస్తుంది. తొమ్మిదడుగులది ఎనభై లీటర్లు. ఏడున్నరది యాభై రెండు. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే కొంచెం ఎక్కువ మోస్తాయి కాబట్టి యాభై మూడున్నర కిలోలు అనుకోవచ్చు. బోర్డు సొంత బరువు ఐదున్నర తీసేస్తే నలభై ఎనిమిది. శివాని నలభై ఆరు. రెండు కిలోలు మిగులుతాయి. అల మీద పరిగెత్తే బోర్డుకు అంత కూడా అక్కరలేదు, వేగమే మోస్తుంది. కాబట్టి సరైన జవాబు సరే. నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో రఫ్ కాగితం మీద లెక్క వేసి, కింద గీత గీసి, జవాబు తెలిసి కూర్చున్నాను. తొమ్మిదో తరగతి పుస్తకంలో వస్తువులు నీటిలో తేలే పాఠం ఒకటి ఉంది. దాన్ని నేను పదిహేడేళ్లుగా తొందరగా చెప్పేసి దాటిపోతాను. పిల్లలు బకెట్టు తెచ్చి ప్రయోగం చేద్దాం సార్ అంటే, నీళ్లు దండగ అంటాను. మా వైపు ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు.

గంట కొట్టారు. తొమ్మిదీ నలభై ఐదు. రాయండి అన్నాను. ఇరవై నాలుగు పెన్నులు కదిలాయి.

మా నాయన తిమ్మయ్య నాకు ఈత నేర్పింది కూడా ఆ బావిలోనే. పొలం గట్టున కిత్తలి పొదల్లోంచి నిలువుగా లేచే కాడ ఎండిపోతే దానికి బరువుండదు, పిడికిలి కంటే లావుంటుంది, నీళ్ల మీద పడేస్తే ఆకులా ఆడుతుంది. అవే బెండ్లు. మూరెడు పొడవు ముక్కలు మూడు కోసి, తాడుతో జత కట్టి, పిల్లవాడి వీపుకు కడతారు. పిల్లవాడు మునగడు. ధైర్యం వస్తుంది, కాళ్లూ చేతులూ ఆడతాయి. ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటుంది. వారానికొకసారి, పిల్లవాడు చూడకుండా, ఆ బెండ్లను రెండు వేళ్ల మందం కోసేస్తారు. వీపు మీదున్నవి వాడికి కనపడవు. ముడి అదే, తాడు అదే. మూరెడు కాస్తా జానెడు అవుతుంది, జానెడు బెత్తెడు అవుతుంది, వాడు మాత్రం బెండ్లు మోస్తున్నాయనే అనుకుంటాడు. చివరికొకరోజు ఇప్పి చేతిలో పెట్టి, చూడరా, పది దినాలుగా నిన్ను మోసింది ఇంతే, మిగతాదంతా నువ్వే అంటారు. పిల్లవాడు నోరు తెరుస్తాడు, గట్టు మీదున్నవాళ్లు నవ్వుతారు, బెల్లం పంచుతారు. నాకు బెల్లం పంచిన రోజు గుర్తుంది. మా నాయన నన్ను మెచ్చుకున్న రోజు జీవితంలో అదొక్కటే. పద్ధతిలో ఒకే నియమం. చెప్పకూడదు. చెబితే భయపడతాడు, భయపడితే బరువెక్కుతాడు. తరాలుగా ఎవరూ చెప్పలేదు, ఎవరూ మునగలేదు. అందుకే అది మంచి పద్ధతి అనుకున్నాం.

శంకర్‌కు ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. ఆ ఏడు బావిలో నీళ్లు బాగా ఉన్నాయి. మొదటి రోజు వాడు మెట్టు దిగనంటే, శివానిని ఎత్తి వాడి వీపు మీద కూర్చోబెట్టి, ఇద్దరినీ నీళ్లలోకి వదిలి, చూడప్పా, ఇవి ఇద్దర్నీ మోస్తాయి, నీ ఒక్కణ్ణి మోయవా అన్నాను. మోశాయి. ఇద్దరూ కేరింతలు కొట్టారు. శివాని కాళ్లతో నీళ్లు నా మీదికి చిమ్మింది. ఆ మాట అన్నది నేను. తరువాత ఎనిమిది ఆదివారాలు కొడవలితో బెండ్లు కోసిందీ నేనే. ఏప్రిల్ మధ్యకు అవి జానెడయ్యాయి, వాడు చేపలా తిరుగుతున్నాడు, ఇంకో రెండు వారాలకు చెప్పవచ్చు అనుకున్నాను. అంతలో దిద్దుబాటు పని పడింది. వచ్చినాక చెబుదాం అనుకుని కడప పోయాను. నేను లేని ఆదివారం చెల్లెలు నేనూ వస్తానని మారాం చేసింది. వాడు సరే అన్నాడు. ఎందుకనడు, నాన్న చూపించాడు కదా, ఇవి ఇద్దర్నీ మోస్తాయని. చెల్లెల్ని వీపు మీద ఎక్కించుకుని బావి నడిమికి ఈదాడు.

మూరెడు ముక్కలు మూడంటే పది లీటర్లు. జానెడు ముక్కలు మూడంటే ఐదు. ఐదు లీటర్లు ఒక పిల్లకు చాలు. ఇద్దరికి చాలదు. ఈ లెక్క నేను తరువాత వేశాను.

పక్క చేలో మేకలు మేపుతున్న గురమ్మ అరుపు విని పరుగెత్తి వచ్చింది. కొంగు విప్పి విసిరి శివానిని లాగింది. బెండ్లు శివాని వీపుకు కట్టి ఉన్నాయి, వదులుగా, తొందరలో వేసిన ముడి. వాడే విప్పి కట్టాడు. గురమ్మ మంచి మనిషి, అబద్ధం చెప్పే మనిషి కాదు, చూసింది చూసినట్లు వచ్చిన వాళ్లందరికీ చెప్పింది. పిల్ల బెదిరి మెడ పట్టుకున్యాది, పిల్లోడు ఏం జేస్తాడు పాపం. ఆ రోజు మా వాకిట్లో ఆ వాక్యం ఎన్నిసార్లు విన్నానో. శివాని స్తంభం పక్కన కూర్చుని ఉంది, తడి గౌను, భుజాల మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు. ఆ పిల్ల ప్రతిసారీ విన్నది. మూడో రోజుకు తనే చెప్పడం మొదలుపెట్టింది, ఎవరైనా అడగకముందే. నేను మెడ పట్టుకున్యా. ఏడేళ్ల పిల్ల, పాఠం అప్పజెప్పినట్లు. నేను ఆ పాఠం దిద్దలేదు.

మా నాయన ఆ సాయంత్రమే గోడకు ఆనించిన బెండ్లను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా చెయ్యి చాపి ఒకదాని మీద ఆనించాడు. సరిగ్గా జానెడు. నా వైపు చూశాడు. నేను తల దించలేదు, దించి ఉంటే బాగుండేది. పొయ్యిలో పెట్టు అన్నాడు. అంతే. ఆ తరువాత తొమ్మిదేళ్లు బతికాడు, ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో తింటూ. ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. బెండ్లు మండేటప్పుడు చప్పుడు చేయవు. స్వర్ణలత లోపల పడుకుని ఉంది. పొగ ఏంటిది అని కూడా అడగలేదు. తరువాత బావులెండిపోయాయి, బోర్లు వచ్చాయి, ఊళ్లో ఎవరూ ఎవరికీ ఈత నేర్పలేదు. కాబట్టి బెండ్లు కోసే పద్ధతి ఒకటుందని శివానికి చెప్పిన మనిషి లేడు. శంకర్ బెండ్లను నేను జానెడు దాకా కోసిన సంగతి నన్ను తప్పిస్తే ఇప్పుడు తెలిసిన మనిషి లేడు.

సార్ అని పిలిచింది మూడో వరుస అమ్మాయి. భారతదేశం పటంలో స్థలాలు గుర్తించే ప్రశ్న. పెన్సిల్ మొన పటం మీద ఆనించి, సార్, విశాఖపట్నం ఈడ పెడితే సరిపోతాదా సార్ అని గుసగుసగా అడిగింది. చుక్క తీరం గీత దాటి సముద్రంలో పడింది. కొంచెమే, జొన్నగింజంత దూరం. చెప్పకూడదమ్మా అన్నాను. ఆమె తల ఊపి, ఆ చుక్కనే పెన్సిల్‌తో ఇంకా గట్టిగా రుద్ది నల్లగా చేసింది. నేను కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాను. చుక్క అక్కడే ఉంది. గోడ గడియారం తొమ్మిదీ యాభై మూడు.

సరే అని చెబితే, రెండోసారి నేను ఆమె కింద తేలేదాన్ని కోసినట్లే, కోసిన చెయ్యి ఎవరిదో ఆమెకు తెలియకుండానే. వద్దని చెబితే, నేను ఇంకా బరువే అనుకుంటుంది, ఫోన్లో నవ్వి పెట్టేసి ఆ రాత్రి అన్నం తినదు. రెండు మాటల్లో ఏది చెప్పినా దాని కింద ఆ మూడో మాట ఉండాలి. అది లేకుండా ఈ రెండూ అబద్ధాలే. శివానీ, నీ బరువు వల్ల కాదు. నువ్వు మెడ పట్టుకోవడం వల్ల కాదు. మీ అన్న తెలివితక్కువవాడు కాడు. నా మాట నమ్మాడు. బెండ్లు ఇద్దర్నీ మోస్తాయని చెప్పి, మోయకుండా చేసింది నేను. ఐదు వాక్యాలు. ఒక్కొక్కటీ చిన్నదే. పిల్లలకు చెబుతుంటాను, పొడుగు వాక్యం రాకపోతే చిన్నవి రాయండి, మార్కులు తగ్గవు అని. ఇవి చెప్పినాక ఏం జరుగుతుంది. ఆమె ఏమీ అనదు. అదే నాకు భయం. మా నాయనలా చెయ్యి చాచి ఆ పదిహేడేళ్లను కొలుస్తుంది, అట్టముక్కలు, జరిపేసిన కంచాలు, స్కూటరు మీద అడిగిన ప్రశ్న. ఆ తరువాత సముద్రంలోకి దిగుతుందా. ఆ మాట మనసులో పెట్టుకుని, ఆ పొట్టి బోర్డు మీద, దిగవచ్చా ఎవరైనా. అట్లయితే ఈ రోజు చెప్పకపోవడమే క్షేమం కదా. ఇట్లా ప్రతిసారీ ఒక క్షేమం దొరుకుతుంది నాకు. పరీక్షలున్నాయి, జ్వరంగా ఉంది, ఉద్యోగం కొత్తది, పండగ పూట ఎందుకు. చెబితే భయపడుతుంది. భయపడితే బరువెక్కుతుంది.

తలుపు దగ్గర రిలీవర్ నాగలత మేడం. వరండాలో గది గదికీ తిరిగి, ఐదు నిముషాలు మాకు బదులు నిలబడడం ఆమె పని. లోపలికి వచ్చి గొంతు తగ్గించి, సార్, పోయి నీళ్లు తాగి రాండి, మీ మొహం చూస్తే పరీక్ష పిల్లోళ్లు కాదు, మీరు రాస్తాండారేమో అన్నట్లుండాది అంది. అక్కర్లేదమ్మా అన్నాను. సరే మీ ఇష్టం, మళ్లీ పదకొండుకు గానీ రాను అంది. ఆమె గడప దాటింది. ఆమె చెప్పుల చప్పుడు వరండాలో ఏడో గది దాకా, ఎనిమిదో గది దాకా వినిపించింది. పదికి మూడు నిముషాలు. పదికి రెండు. రెండో వరుసలో పిల్లవాడు అడిషనల్ షీటు అడిగాడు, ఇచ్చాను, నంబరు వేసుకున్నాను, సంతకం పెట్టాను. సంతకం పెట్టి తలెత్తేసరికి పది దాటింది. ఆ క్షణంలో నాకు కనిపించింది శివాని కాదు. కడప హాలు కనిపించింది, నేను పెట్టిన సంతకం కనిపించింది. తలుపు దగ్గరికి పోయి, ఎనిమిదో గది ముందున్న నాగలతను చెయ్యూపి పిలిచాను. ఏంది సార్, ఇప్పుడే వద్దంటిరే, ఇంతలోనే దప్పికైందా అంటూ వచ్చింది. నేను వరండాలోకి నడిచాను. ఆఫీసు గది నలభై అడుగుల దూరం కూడా ఉండదు. పరుగెత్తలేదు. పరీక్ష జరిగే బడిలో పరుగెత్తకూడదు.

హెడ్మాస్టరు బసవరాజు సారు అద్దాలు నొసటి మీదికి నెట్టి నన్ను చూశాడు. ఏమప్పా ఓబుళేశూ, ఇన్నేండ్ల సర్వీసులో పరీక్ష మధ్యన ఫోను అడగని మనిషివి, స్క్వాడొస్తాదని అందరం వణుకుతాండే ఈ పొద్దే అడగల్లనా. రెండు నిముషాలు సార్, కూతురు అన్నాను. ఆయన బీరువా దగ్గరికి నడిచాడు. తాళం తీసి, బీరువా తలుపు చాటున నిలబడి మాట్లాడు, నేను సూడలేదు, నువ్వు మాట్లాడలేదు అని కిటికీ వైపు తిరిగాడు. శివాని ఫోను చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మగ గొంతు. నమస్కారం సార్, భూపేష్‌నండి, శివాని ఫోను నా దగ్గరే ఉంచింది, ఇప్పుడే దిగీసిందండి. ఏ బోర్డు అన్నాను. పొట్టిదేనండి. పది దాటేదాకా ఇసుకలో కూర్చుని ఫోను చూసుకుంటా ఉంది. మా నాన్న వద్దనేటట్టయితే వెంటనే అనేవాడు, ఆలోచిస్తున్నాడంటే సరేననే అని లేచిపోయింది. అతని గొంతు వెనక సముద్రం ఉంది. వీడియోల్లో విన్న చప్పుడు కాదు. లోపలికి పీల్చి, ఆగి, విడిచే చప్పుడు. అలలు ఎట్లుండాయప్పా అని అడిగాను. నిన్నటి మీద పెద్దవేనండి, దక్షిణం గాలి తిరిగింది. కంగారేం లేదు, కాలికి తాడు కట్టీసేను, మా వాడొకడు లోపల పక్కనే ఉన్నాడు. అన్నీ ముందే చెప్పీసేనండి, ఇది పెద్దదానిలాగ మోయదు, ఇక్కడ ముంచుతాది, ఇలా పడాలి అని. చెప్పకుండా బోర్డు మారిస్తే ప్రాణాలు పోతాయి కదండి.

నేను బీరువా తలుపు పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. సార్, ఉన్నారా అన్నాడు భూపేష్. ఏమన్నా చెప్పమంటారా, ఇంకా దూరం పోలేదండి, కేకేస్తే వినపడతాది. బసవరాజు సారు గొంతు సవరించుకున్నాడు. ఐదు వాక్యాలూ నోటి దాకా వరుసలో వచ్చాయి. వాటిని ఈ కుర్రవాడు ఒడ్డు మీద నిలబడి, గాలికి ఎదురుగా, నోటికి చేతులడ్డం పెట్టుకుని కేక వేయాలి. ఏం లేదప్పా అన్నాను. బయటికొచ్చినాక ఫోన్ చేయమను. అలాగేనండి అన్నాడు. ఆ వెంటనే, నాతో కాదు, ఎవరితోనో, అదిగో పెద్దది వస్తంది, లెగు, లెగు అని అరుస్తూ ఉండగా ఫోను ఆగిపోయింది. అతను పెట్టేశాడో, సిగ్నల్ పోయిందో. మళ్లీ చేయబోతే బసవరాజు సారు చెయ్యి చాపాడు. గేటు దగ్గర జీపు చప్పుడు. స్క్వాడు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. బుట్టలో వేసి తాళం వేశాడు.

గదిలోకి వచ్చాను. నాగలత నన్ను చూసి తరువాతి గదికి వెళ్లిపోయింది. పదీ పన్నెండు. పిల్లలు రాస్తున్నారు. పరీక్ష పన్నెండూ నలభై ఐదుకు ముగుస్తుంది, కట్టలు కట్టి సీలు వేసినాక గానీ బీరువా తెరవరు. బెండ్లు కోసింది నేనేనని శివానికి ఇంకా చెప్పలేదు.